నవనీత రంగు

నేను ఒక లైటును. లైటనగానే పెద్దగా ఊహించుకోకండి. మీ అరచేతిలో పెడితే వేళ్ళు ముడుచుకోవచ్చు, అంతే ఉంటాను. వీడియో కెమెరా నెత్తిమీద కూర్చోవడం నా ఉద్యోగం. పెళ్ళిళ్ళలో మీరు నన్ను చూసే ఉంటారు. అప్పటిదాకా మాటామాటా అనుకుంటున్న తోడికోడళ్ళు ఉన్నట్టుండి ఒకరి భుజంమీద ఒకరు చెయ్యి వేసుకుని నవ్వుతారే, అది నన్ను చూసే. పెద్దమనుషులు పొట్ట లోపలికి పీల్చుకుని ఊపిరి బిగపట్టేదీ నన్ను చూసే. నేను పక్కకి తిరగ్గానే ఎవరి పొట్ట వారికి తిరిగి వచ్చేస్తుంది. మనుషులు దేవుడి ముందు కూడా ఇంత తొందరగా మంచివాళ్ళు కావడం నేను చూడలేదు.

సముద్రాల అవతల ఏదో ఫ్యాక్టరీలో పుట్టాను. ఒంటినిండా వరసలుగా చిన్న చిన్న గింజలు, సగం తెల్లగా వెలిగేవి, సగం పసుపుగా వెలిగేవి. పక్కన రెండు చక్రాలు. ఒకటి తిప్పితే వెలుగు పెరుగుతుంది, తగ్గుతుంది. రెండోది తిప్పితే రంగు మారుతుంది, మధ్యాహ్నపు ఎండ దగ్గర నుంచి వంటింటి బల్బు దాకా. రెండూ కుదిరితే ఎవరి మొహం వాళ్ళకి చూపిస్తాను. అంతకుమించి నాకు చేతనైంది లేదు, దానికే గర్వపడుతూ అట్టపెట్టెలో పడుకుని ఓడెక్కి వచ్చాను.

హైదరాబాదు కోఠీలో ఒక కెమెరా దుకాణంలో నన్ను కొన్నారు. కొన్నవాళ్ళు జనగామ నుంచి వచ్చిన మొగుడూ పెళ్ళాలు. మొగుడు భిక్షపతి, పెళ్ళిళ్ళకి ఫొటోలూ వీడియోలూ తీస్తాడు. పెళ్ళాం సులోచన, తీసినదాన్ని కంప్యూటర్లో కోసి అతికించి పాటలు కలుపుతుంది. పాత లైటు కింద అందరి మొహాలూ బూడిద పూసినట్టు వస్తున్నాయని వాళ్ళ బాధ.

దుకాణంవాడు ముందు ఒక పలకంత లైటు తీసి కౌంటరు మీద పెట్టాడు. "అన్నా, పెండ్లిల్లకు అందరు గిదే తీస్కపోతరు. మండపం మొత్తం పట్టపగలైతది."

భిక్షపతి దాన్ని ఎత్తి చూసి దించాడు. "పొద్దుగాల సంది భుజం మీద మోసేది నేను గదనే. కెమెరా ముంగటికి తూగుతది."

తరవాత దుకాణంవాడు గుండ్రంగా చేతిగాజులా ఉండేదాన్ని చూపించాడు. అది ఒకచోట కూర్చుని మాట్లాడేవాళ్ళకి బాగుంటుంది, పెళ్ళికొడుకు వెనకాల పరిగెత్తేవాడికి కాదు. చివరికి నన్ను తీశాడు. అప్పుడు సులోచన చేసిన పని నాకు నచ్చింది. దుకాణంవాడు చెప్పే లెక్కలేవీ వినకుండా గాజులు వెనక్కి తోసుకుని తన చేతిని ఒక్కో లైటు కిందా పెట్టి చూసింది. ఆమె మంచి నలుపు. పలక లైటు కింద ఆ చెయ్యి సున్నం కొట్టినట్టయింది. గుండ్రం లైటు కింద ఆకుపచ్చగా, రోగిష్టిదానిలా అయింది. నా కింద పెట్టుకుని కాసేపు అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

"ఇగో, గిదైతే నా చెయ్యి నా చెయ్యి లెక్కుంది," అంది.

అట్లా నన్ను జనగామ తెచ్చుకున్నారు. నా గొప్ప వాళ్ళకి తెలిసిందనుకుని మురిసిపోయాను. కానీ పెళ్ళివారికి ఎవరి చెయ్యి వారి చెయ్యిలా ఉండడం అక్కర్లేదు. మొదటి నాలుగైదు పెళ్ళిళ్ళలో భిక్షపతి నన్ను తగ్గించి, ఉన్న మొహాన్ని ఉన్నట్టు తీశాడు. చూసినవాళ్ళంతా పెదవి విరిచారు. "ఏందన్నా, మా పిల్ల గింత నల్లగొచ్చింది? పక్క స్టూడియోల తెల్లగ తీస్తరు," అన్నారు. ఊరందరిదీ ఒక దారి అయితే ఉలిపికట్టెదొక దారిగా ఎన్నాళ్ళు బతుకుతాడు? పిలిచేవాళ్ళు తగ్గారు. భిక్షపతి నా చక్రాలు రెండూ ఆ చివరికంటా తిప్పాడు. మళ్ళీ పిలుపులు మొదలయ్యాయి. అప్పటి నుంచి జనగామ చుట్టుపక్కల పెళ్ళికూతుళ్ళంతా ఒకే తల్లి కన్నట్టు ఒకే తెలుపులో వచ్చారు.

ఇక నవనీత సంగతి చెబుతాను. నన్ను ఇప్పటికీ వదలని సంగతి అదొక్కటే.

నవనీత తల్లి కొమురవ్వ. మొగుడు పోయాక రెండు బర్రెలు పెట్టుకుని ఇంటింటికీ పాలూ పెరుగూ పోసి ఒక్క కూతుర్ని పెంచింది. బిడ్డ పుట్టిన రోజు చల్ల చిలుకుతూ ఉందట, అందుకని వెన్న పేరు పెట్టుకుంది. పిల్లేమో తల్లిలాగే నేరేడు పండు నలుపు. ఎవరైనా ఎగతాళి చేస్తే కొమురవ్వ ఊరుకునేది కాదు. "నలుపు నారాయణుడు మెచ్చు. మీరెవ్వలు మెచ్చకున్న మాకు ఫరక్ వడదు," అనేది. తల్లికి ఉన్న ఆ ధీమా కూతురికి లేదు. సెల్లులో ఫొటో దిగినా మొహం తెల్లబరిచే ఏర్పాటు పెట్టుకుని దిగేది. ఆ పిల్లని తప్పుపట్టలేను. చిన్నప్పటి నుంచీ ఎన్ని విన్నదో.

పెళ్ళి పగటిపూట, ఫంక్షన్ హాల్లో. జీలకర్ర బెల్లం పెట్టబోయే ముందు పెళ్ళికొడుకు అక్క మంటపం ఎక్కి వచ్చి భిక్షపతి చెవి దగ్గర చెప్పింది. చెవి దగ్గరే గానీ అందరికీ వినిపించింది.

"వీడియో అన్నా, జెర లైటు ఫుల్లు వెట్టు. మా మరదలు తెల్లగ రావాలె. మా చుట్టాలంత టీవీల ఏస్కొని చూస్తరు."

భిక్షపతి పెళ్ళికూతురి వంక చూశాడు. నవనీత తల దించుకునే, "పెట్టుండ్రి అన్నా," అంది మెల్లగా.

పెట్టాడు. నేను పూర్తిగా వెలిగాను. కళ్ళు చికిలించుకుంటూ ఆ పిల్ల నా వంక చూసి నవ్వింది. పెళ్ళయ్యేదాకా, తలంబ్రాల్లో, అప్పగింతల్లో, కన్నీళ్ళు తుడుచుకునేటప్పుడు కూడా నన్ను ఆమె మొహం మీద నుంచి తియ్యలేదు. ఆ సాయంత్రం కెమెరా వెనక ఉన్న బుల్లి తెరలో చూపిస్తే కొమురవ్వ కూడా మురిసింది. "నా బిడ్డ దొరసాని లెక్కనే ఉన్నది గద!" అని నలుగురినీ పిలిచి చూపించింది. ఆ రోజు అందరూ సంతోషంగానే ఉన్నారు. నాకు మాత్రం ఆ మొహం మీద పడుతున్నంతసేపూ గోడ మీద పడుతున్నట్టే ఉంది. ముక్కు పక్క నీడ లేదు, బుగ్గ వంపు లేదు. కానీ లైటు మాట ఎవరు వింటారు?

ఏడాది తిరక్కుండానే వానాకాలంలో నవనీతకి విషజ్వరం వచ్చింది. మామూలు జ్వరమే అనుకున్నారు. ఆస్పత్రికి తీసుకుపోయేసరికి చెయ్యి దాటిపోయింది.

పెద్దకర్మకి అత్తగారివాళ్ళు జనగామ నాలుగు బాటల దగ్గర ఫ్లెక్సీ కట్టించారు. ఈమధ్య ఎవరు పోయినా అదొక ఆచారమైంది. పెళ్ళి ఆల్బంలోంచి ఫొటో తీసుకుని, చుట్టూ పూలదండ బొమ్మ వేసి, అచ్చు వేసేవాడు తన వంతుగా ఇంకొంచెం తెలుపు కలిపి ఇచ్చాడు. కొమురవ్వ ఏళ్ళ తరబడి పాలు పోసిన ఇళ్ళవాళ్ళు, నవనీతని చిన్నప్పటి నుంచి ఎరిగినవాళ్ళు, ఆ ఫ్లెక్సీ కింద ఆగి పైకి చూసి, "పాపం, ఎవలి పిల్లనో," అనుకుంటూ పోయారట. ఒకామె ఆ మాట అంటుంటే కొమురవ్వ పక్కనే ఉంది.

ఆమె అటు నుంచి అటే మా స్టూడియోకి వచ్చింది. నేను బల్ల మీద ఛార్జింగులో ఉన్నాను. భిక్షపతి లేచి కుర్చీ వేశాడు. ఆమె కూర్చోలేదు.

"బిడ్డా, నాకు నా పిల్ల ఫొటో గావాలె. గోడకు పెట్టుకునేది," అంది. "గా ఫ్లెక్సీల ఉన్నది నా పిల్ల కాదు. నా పిల్ల నల్లగుంటది. నీ కాడ ఉంటది గద, జెర నలుపు కలిపి ఇయ్యి."

మీరు చాలా కోరికలు విని ఉంటారు. ఇలాంటిది నేను వినలేదు. మా స్టూడియో గడప తొక్కిన ప్రతివాళ్ళూ తెలుపు అడిగినవాళ్ళే. నలుపు అడిగింది ఆమె ఒక్కతే.

సులోచన పెళ్ళి వీడియో తెర మీద పెట్టింది. వెలుగు తగ్గించింది. నవనీత మొహం నల్లబడలేదు, బూడిదరంగైంది. రంగు మార్చింది. ఇటుకలా అయింది. అప్పగింతల దగ్గర ఆపి మళ్ళీ ప్రయత్నించింది. కొమురవ్వ ప్రతిసారీ ఆశగా ముందుకు వంగి చూసి, తల అడ్డంగా ఊపుతోంది. "ఊహూఁ. గిట్ల కాదు. నా బిడ్డ మొకంల నిగారింపు ఉండె."

చాలాసేపటికి సులోచన మౌస్ వదిలేసింది. "పెద్దమ్మా, ఇందుల ఏం లేదే," అంది. "లైటు ఎక్కువైన కాడ కెమెరాకు ఏం కనపడదు. ఉంటేనే గద నేను తీసేది. మొత్తం లైటే తినేసింది."

నిజమే చెప్పింది. నాకు చాలా బాధ కలిగింది. చీకట్లో కనపడనివాళ్ళని చూపించడానికి పుట్టాననుకున్నాను. వెలుగులో పెట్టి ఒక మనిషిని లేకుండా చెయ్యవచ్చని నాకు అప్పుడే తెలిసింది. భిక్షపతి నా వైపు చూసి చూపు తిప్పుకున్నాడు. కొమురవ్వ సెల్లులో ఉన్న నవనీత ఫొటోలు తిప్పి చూశాడు. అవన్నీ ఆ పిల్ల తనని తాను తెల్లబరుచుకున్నవే. బడిలో ఇచ్చిన గుర్తింపు కార్డు వానకి తడిసి అట్ట మాత్రం మిగిలిందట.

కొమురవ్వ అప్పుడు ఏడ్చింది. పిల్ల పోయినందుకు ఏడ్చే ఏడుపు వేరు, ఇది వేరు. "రోజురోజుకు మొకం యాది మరుస్తున్న కొడుకా," అంది. "కండ్లు మూస్తే గా ఫ్లెక్సీలదే అస్తున్నది. నా బిడ్డ మొకం అస్తలేదు."

సులోచనే ముందుగా తేరుకుంది. "మనం తీసిన వేరే పెండ్లిల్లల్ల ఉండదా?" అంది మొగుడితో. "బంతిలనన్న ఉండాలె."

మా దగ్గర ప్రతి పెళ్ళి వీడియోలోనూ భోజనాల బంతి తీసి తీరాలి. విస్తరి ముందు కూర్చున్న ఒక్కొక్కరి మొహం మీదా నన్ను వేసుకుంటూ కెమెరా వరస పొడుగునా నడుస్తుంది. ఎవరు వచ్చారో ఎవరు రాలేదో పెళ్ళివారు తరవాత తీరిగ్గా చూసుకుంటారు. నోట్లో ముద్ద పెట్టుకోబోతూ నన్ను చూసి చెయ్యి గాలిలో ఆపినవాళ్ళని ఎంతమందిని చూశానో. తినేవాళ్ళందరికీ అది చికాకే. అయినా బంతి లేకపోతే వీడియో తీసుకోరు.

కొమురవ్వ తన తమ్ముడి కూతురి పెళ్ళి గుర్తుచేసింది. నవనీత పెళ్ళికి ముందటి ఏడు. భిక్షపతే తీశాడు. పాత హార్డ్ డిస్కు వెతికి తగిలించారు. షామియానా కింద మధ్యాహ్నం భోజనాలు. దగ్గరి కొసన ఒక ముసలాయన పప్పులో నెయ్యి పోయించుకుంటున్నాడు, నా వెలుగంతా ఆయన బట్టతల మీద ఉంది. ఆయన వెనకాల, వరస ఆ కొసన, నా వెలుగు ఏమాత్రం అందనిచోట, ఒక పిల్ల పప్పుచారు బకెట్టు పట్టుకుని వడ్డిస్తోంది.

"అగో!" అంది కొమురవ్వ.

షామియానా గుడ్డలోంచి వడకట్టి దిగిన మామూలు ఎండ ఆమె మీద ఉంది. చెమటకి నుదురు మెరుస్తోంది. పక్కనున్న ఎవరితోనో ఏదో అంటూ, గంటె చేతిలో పట్టుకుని, పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతోంది. నల్లగా, నిగనిగలాడుతూ, ఎంత బాగుందో! ఇంత కాలంలో నా కింద నుంచి వెళ్ళిన ఏ పెళ్ళికూతురూ అంత బాగా లేదు. ఆ మొహాన్ని చూపించింది నేను కాదు. నేను అక్కడ లేను కాబట్టే కనిపించింది.

కొమురవ్వ తెర దగ్గరికి వెళ్ళింది. "గిదే నా బిడ్డ. గిదే నా బిడ్డ," అంది. సులోచన కళ్ళు తుడుచుకుంది.

తెర మీద కెమెరా నడక మొదలుపెట్టింది. ఒక్కో విస్తరీ దాటుతూ నా వెలుగు ఆ కొస వైపు జరిగింది. వెలుగు దగ్గరికి రావడం నవనీత చూసింది. నవ్వు ఆగిపోయింది. చెయ్యి అడ్డం పెట్టుకుని, మొహం తిప్పేసుకుని, బకెట్టుతో సహా గుంజ చాటుకి వెళ్ళిపోయింది. నేను ఖాళీ గుంజ మీద పడి, తరవాతి విస్తరి దగ్గరికి పోయాను.



"మల్ల ఎయ్యి," అంది కొమురవ్వ.

సులోచన మళ్ళీ వేసింది. మళ్ళీ ఆ పిల్ల నవ్వింది, మళ్ళీ నన్ను చూసింది, మళ్ళీ మొహం దాచుకుని వెళ్ళిపోయింది.

"మల్ల ఎయ్యి బిడ్డా."

మూడోసారి ముసలాయన బట్టతల, నెయ్యి, ఆ వెనకాల నవ్వుతున్న నవనీత. నా వెలుగు కదలబోతుండగా కొమురవ్వ తెర మీద అరచెయ్యి ఆనించి, అక్కడే నిలబడి ఉన్న మనిషిని పోనివ్వకుండా పట్టుకున్నట్టు పట్టుకుని, సులోచనని బతిమాలింది.

"లైటు రాకముందుకే ఆపు బిడ్డా."