షీటులో మిగిలిన చోటు

నేను ఒక విజిటింగ్ కార్డుని. జేబులోంచి దర్జాగా తీసి ఇచ్చే రకం అనుకునేరు, కాదు. వేరేవాళ్ళ కోసం కొన్న కాగితం మీద, వేరేవాళ్ళ సిరాతో పుట్టినదాన్ని. ప్రింటింగ్ షాపుల్లో కార్డులు విడివిడిగా అచ్చెయ్యరు. పెద్ద షీటు మీద నలుగురైదుగురి కార్డులు పక్కపక్కన పేర్చి, ఒకేసారి అచ్చేసి, ఆ తర్వాత మిషన్ మీద ముక్కలుగా కోస్తారు. మా షీటులో నాకు ఎడమ పక్క పళ్ళ డాక్టరు, పైన బోర్లు వేసే ఆయన. మూలన ఒక్క కార్డు పట్టేంత చోటు మిగిలింది. ఆ చోట్లో నన్ను పెట్టింది కృపావతి.

విజయవాడ గవర్నరుపేటలో ఓ సందులో ఉంది ఆ షాపు. కృపావతి పదకొండేళ్ళుగా అక్కడ కంప్యూటరు ముందు కూర్చుంటోంది. పెళ్ళి కార్డులు, ఓణీల ఫంక్షన్ ఫ్లెక్సీలు, స్వీటు డబ్బాల మీద బొమ్మలు, కార్పొరేటర్ల పుట్టినరోజు బ్యానర్లు, అన్నీ ఆవిడ చేతి మీదుగానే వెళ్ళాయి. ఊళ్ళో ఎంతమంది జేబుల్లోనో ఆవిడ చేసిన కార్డులున్నాయి. ఆవిడకి మాత్రం ఒక్కటీ లేదు. ఎలా ఉంటుంది? కార్డంటే పేరు కింద నువ్వేమిటో రాసుకోవాలి కదా. అక్కడే ఉంది తిరకాసంతా.

షాపు యజమాని ఆంజనేయులు గారి నోట్లో ఆవిడకి రెండు హోదాలు. రేటు ఎక్కువని కస్టమరు గొణిగితే, "మా డిజైనర్ కూర్చుని చేసిందండీ, ఊరికే వస్తుందా?" అంటారు. ఒకటో తారీకున జీతం దగ్గరికొచ్చేసరికి అదే మనిషి ఆపరేటర్ అయిపోతుంది. "బజార్లో ఆపరేటర్లకి ఎంతిస్తున్నారో కనుక్కోమ్మా," అంటారు. మనుషుల నాలుకకి ఆ వెసులుబాటుంది. నాకు లేదు. అచ్చయిన మాటే నా మాట.

అదైనా అలా సాగితే బాగుండేది. ఈమధ్య కస్టమర్లు ఫోన్లో ఏదో యాప్ పెట్టి కార్డు వాళ్ళే చేసుకొచ్చి, "ప్రింటొక్కటి కొట్టివ్వండి" అంటున్నారు. ఒకరోజు ఆంజనేయులు గారు తలెత్తకుండానే, "వచ్చే నెల నుంచి రోజూ రానక్కర్లేదమ్మా. పనున్నప్పుడు కబురు చేస్తా, వచ్చిన రోజుకి కట్టిస్తా," అన్నారు. ఇద్దరు పిల్లల్ని ఒక్కతే నెట్టుకొస్తున్న మనిషి. సరేనండీ అంది గానీ, ఆ పూటంతా ఒక్క పెళ్ళి కార్డులోనే మూడు తప్పులు కొట్టింది.

బెంజి సర్కిల్ దాటాక ఓ అద్దాల ఆఫీసులో గ్రాఫిక్ డిజైనర్ కావాలని ఎవరో చెప్పారు. జీతం ఇక్కడిచ్చే పద్నాలుగు వేలకి రెండింతల పైమాటే. ఆ కబురు విన్న రోజే నన్ను చేసింది. "బి. కృపావతి" అని కొట్టింది. కింద "గ్రాఫిక్ డిజైనర్" అని కొట్టి, ఆంజనేయులు గారి వైపు ఓసారి చూసి, చెరిపేసింది. కాసేపాగి మళ్ళీ కొట్టింది. కింద ఫోను నంబరు, పైన సన్నటి ఆకుపచ్చ గీత. అంతే. గొప్పలు పోతున్నానని కాదు గానీ, ఆ షీటు మొత్తానికి చూడముచ్చటగా ఉన్నది నేనే. పళ్ళ డాక్టరు కార్డు మీద నవ్వుతున్న పన్ను బొమ్మ ఆయనే పట్టుబట్టి పెట్టించుకున్నాడు, అందులో కృపావతి తప్పేం లేదు.

కోసేటప్పుడు ఆంజనేయులు గారి కంట్లో పడ్డాను.

"ఏంటమ్మాయ్ ఇది?"

"ఖాళీగా పోయే చోటే కదండీ."

"పోనీలే, వాడుకో," అని నవ్వబోయి పేరు కింద మాట చదివారు. నవ్వు సగంలో ఆగింది.

ఎలాగూ బయటపడిందని కృపావతి అసలు సంగతి చెప్పేసి, ఎక్స్‌పీరియెన్స్ సర్టిఫికెట్ అడిగింది. దానికేం భాగ్యం అని లెటర్‌హెడ్ తీశారు. పదకొండేళ్ళనీ రాశారు, మంచి నడవడి అనీ రాశారు. ఉద్యోగం దగ్గర మాత్రం "డి.టి.పి. ఆపరేటర్" అని రాశారు.

"డిజైనర్ అని రాయండి బాబాయ్ గారూ. మీ నోటితో మీరే అంటారు కదా."

"నోటి మాటకేముందమ్మా! కాగితం మీద రాసిచ్చాననుకో, అక్కడ రాకపోతే వెనక్కొచ్చి డిజైనర్ జీతం నన్నే అడుగుతావ్. నేనెక్కణ్ణుంచి తేను?"

ఆయన దుర్మార్గుడేం కాదు. స్టాంపు కూడా వంకర పోకుండా జాగ్రత్తగా వేసిచ్చారు.

అద్దాల ఆఫీసులో కూర్చోబెట్టి మాట్లాడిన కుర్రాడి పేరు ప్రణీత్. ఆ ఆఫీసులో డిజైనర్లందరికీ పెద్ద. కృపావతి ముందు నన్ను ఇచ్చింది. ఎంత తెలివి చూడండి! అతను నన్ను వెలుగులో పెట్టి చూశాడు, వేలితో గీత తడిమాడు.

"చాలా నీట్‌గా ఉందండీ. ఎవరు చేశారు?"

"నేనేనండి."

నా అంచులు పొంగిపోయాయంటే నమ్మండి. ఆ తర్వాత సర్టిఫికెట్ చదివాడు. "ఓ... ఆపరేటరా?" అన్నాడు. అంతే, నన్ను బల్ల మీద బోర్లా పెట్టేశాడు. తమ దగ్గర మెట్లెలా ఉంటాయో చెప్పుకొచ్చాడు. ట్రైనీ, జూనియర్, డిజైనర్, సీనియర్, ఆ పైన ఆర్ట్ డైరెక్టర్. ఆపరేటర్ అనే మెట్టు ఆ వరసలోనే లేదు. "డిజైనర్ అంటే ఆలోచించాలి మేడమ్. ఆపరేటర్ అంటే చెప్పింది కొట్టడమే కదా," అన్నాడు. ఇంకేం చెప్పను! ఒక్క నిమిషం కిందట అతను మెచ్చుకున్న గీతని ఎవరో చెబితే కొట్టిందా ఆవిడ?

"ట్రైనీగా చేరతానంటే ఆరు నెలలు చూద్దాం. స్టైపెండ్ ఎనిమిది వేలు."

"ఇంటద్దెకే చాలదు సార్." సర్టిఫికెట్ మడిచి వెనక్కి తీసుకుంది. "పోనీ డిజైన్ పని ఏది ఉన్నా ఫోన్ చెయ్యండి. ఏ టైములోనైనా ఎత్తుతా. కార్డు మీద నంబరుంది సార్."

"తప్పకుండా," అన్నాడు. ఆవిడ వెళ్ళగానే నన్ను సొరుగులో పడేశాడు.

ఆ సొరుగులో చిక్కుపడ్డ వైర్లు, మాత్రల అట్ట, నాలాంటి కార్డులు ఇంకొన్ని. సొరుగు తెరుచుకున్నప్పుడల్లా నా కోసమేనని ఆశపడేదాన్ని. మాత్ర తీసుకుని మూసేసేవాడు. అయ్యో, అక్కడ ఆవిడ ఫోను వంక చూసుకుంటూ కూర్చుని ఉంటుందే అని నాకు ఒకటే బాధ.

చివరికి ఓ ఉదయం ఒక ప్రైవేటు స్కూలు కరస్పాండెంటు గారొచ్చారు. వార్షికోత్సవానికి ఇన్విటేషను, ఫ్లెక్సీలు కావాలట. ప్రణీత్ చెప్పిన రేటు వినేసరికి ఆయన లేచి నిలబడ్డారు. "అంత మావల్ల కాదు బాబూ, తక్కువలో చేసేవాళ్ళెవరన్నా ఉంటే చెప్పు."

సొరుగు తెరుచుకుంది. ఈసారి నన్నే తీశాడు. నా సంతోషం చెప్పలేను. పని బాగా చేస్తుందని చెబుతాడు, డిజైనర్ అని చెబుతాడు అనుకున్నాను. ప్రణీత్ పెన్ను తీసి, నా మీద "గ్రాఫిక్ డిజైనర్" అన్న మాటని అడ్డంగా కొట్టేసి, పక్కన "ఆపరేటర్" అని రాశాడు.

"డిజైనర్ అని వేసుకుంది గానీ, కాదు సార్. ఆ రేటు అడిగితే ఇవ్వకండి."

ఆ పెన్ను నా మీద అలా పోతుంటే ఆపడానికి నాకు చేతుల్లేవు. షీటులో మిగిలిన చోట్లో ఆవిడ ఈ ఒక్క మాట కోసమే కదా నన్ను చేసుకుంది.

కరస్పాండెంటు గారు మెట్లు దిగుతూనే నన్ను కళ్ళ ముందు పెట్టుకుని నంబరు నొక్కారు. సగం రింగుకే ఎత్తింది.

"హలో, గ్రాఫిక్ డిజైనర్ కృపావతి మాట్లాడుతున్నానండీ!"

ఆ గొంతులో ఎంత హుషారు! ఈ మాట ఎన్నిసార్లు లోపల్లోపల చెప్పుకుందో. షాపులో మిషన్ల చప్పుడు మాత్రం వినపడలేదు. పనిరోజు, పదకొండు గంటల వేళ, వెనకాల కుక్కరు కూతేస్తోంది.

"డిజైనరా? డిజైనర్ రేటు నేనివ్వలేను. నాక్కావలసింది డి.టి.పి. ఆపరేటర్ అమ్మా," అన్నారు ఆయన, నన్ను ఇంకోసారి చదువుకుంటూ.

అవతల కుక్కరు ఇంకోసారి కూసింది. ఆయన ఫోను చెవి దగ్గర్నుంచి తీయబోయారు.

"సార్, సార్, పెట్టెయ్యకండి," అంది కృపావతి. "నేనే. ఆపరేటర్నే. చెప్పండి."

ఆయన నన్ను చొక్కా జేబులో పడేసుకుని, బేరం మొదలుపెట్టారు.