సిలువలో స

ఆదివారం ఆరాధన అయ్యాక మా ముందుగదిలో ముగ్గురు మగవాళ్లు ఒకే హెడ్‌ఫోన్‌ను చెవి నుంచి చెవికి మార్చుకుంటూ కూర్చున్నారు. దాని మెత్తలు నల్ల రెక్సిన్‌వి. మా ఆయన కొబ్బరినూనె, రాజగోపాల్ గారు తలకు వేసుకునే రంగు, షాలేమ్ చెమట కలిసి వాటి మీద జిడ్డు పేరుకుంది. వేలు పెడితే అంటుకుని వదిలేది. వాళ్లు వెళ్లాక నేను దూదిని స్పిరిట్‌లో ముంచి తుడుస్తాను. ఆ దూది ఏ రంగుకు తిరుగుతుందో రాయడం నాకిష్టం లేదు.

వాళ్లు తేల్చవలసింది రెండు డబ్బాల్లో ఏది ఉంచుకోవాలన్నది. కంప్యూటర్లో అంకెలుగా ఉన్న పాటను మళ్లీ శబ్దంగా మార్చి, దాన్ని పెద్ద హెడ్‌ఫోన్‌కు చాలినంత బలంగా పంపించే డబ్బా అది. రెండు పనులూ ఒకదానిలోనే. దాన్ని డాక్ అంటారు. మా ఉక్కు ప్లాంటు క్వార్టర్లలో, సెక్టర్ 4లో, అందరిదీ హిందీ, ఆ మాటకు ఉత్తరాలని అర్థం గనుక, పక్క క్వార్టరు ఆవిడ మీ ఇంట్లో రోజూ డాక్ గురించే గొడవేమిటని నన్ను అడిగింది.

రాజగోపాల్ గారు ప్లాంటులో ఇంజనీరు. సంగీతం వినడంలో ఆయనకు తెలియనిది లేదని ఆయన నమ్మకం. నాగపూర్‌లో తెలిసినవాడి దగ్గరనుంచి ఒక నల్లడబ్బా, ఒక వెండిరంగు డబ్బా తెచ్చి మా బల్ల మీద పెట్టారు. ఒకటి ఉంచుకుని రెండోది తిరిగి ఇవ్వాలి. నల్లదానిలో గొంతుకు వెచ్చదనం ఉందట, వెండిదానిలో వెలుగు ఉందట. అప్పడాల పిండి గురించైనా నేను ఇంకొంచెం నికరంగా మాట్లాడతాను. వాళ్లు లేనప్పుడు రెండూ పెట్టుకుని విన్నాను. వెండిది పాట లేనప్పుడు సన్నగా బుసకొడుతుంది. నల్లది, శబ్దం బాగా తగ్గిస్తే ఎడమ చెవిలో మాత్రమే పలుకుతుంది. నన్నెవరూ అడగలేదు.

ఒక సంగతి మాత్రం అప్పుడే గమనించాను. మా ఆయన లేచి వెళ్లిన వెంటనే ఏ డబ్బా పెట్టుకున్నా, చెవిలో మేకు దిగినట్టు ఉండేది. శబ్దం పెంచే మీట చివరికంటా తిప్పి ఉండేది.

ఈ డబ్బా మా ఇంటికి సరదా కోసం రాలేదు. మా ఆయన ఎబెనేజరు మా తెలుగు క్రైస్తవ సంఘంలో పాటల బృందానికి పెద్ద. ప్లాంటులో ఆయనది రైల్ మిల్లు, ఎర్రగా కాలిన పట్టాలను రంపంతో కోసే చోటు. చెవుల్లో పెట్టుకోమని ఇచ్చిన బిరడాలు ఆయన చొక్కా జేబులోనే ఉంటాయి. గుడ్ ఫ్రైడేనాడు ఒక్క గొంతుతో పాడే చరణం షాలేమ్ కూతురు మెర్లిన్‌కు ఇచ్చారు. అభ్యాసం రికార్డు చేసి ఇంటికి తెచ్చి విన్నాక, ఆ పిల్ల సిలువ అనడం లేదు, ఇలువ అంటోంది అన్నారు. ఇక్కడ పుట్టిన పిల్లలకు నోరంతా హిందీ, తెలుగు స కూడా పలకలేరు అన్నారు. ఆ పిల్ల స కోసం వారం పొడుగునా తిరిగి తిరిగి పాడింది. చివరికి మంచి యంత్రంలో విని న్యాయంగా తేలుస్తాను, అప్పటికీ స లేకపోతే చరణం ఇంకొకరికి ఇచ్చేస్తాను అన్నారు.

మెర్లిన్ ఆ చరణం మా వంటింట్లో పాడుతుంటే నేను విన్నాను. స అక్షరం కొత్త బ్లేడుతో కాగితం కోసినట్టు వచ్చేది. ఆ మాట మా ఆయనతో చెప్తే, "ఏటి?" అన్నారు. మళ్లీ చెప్తే, ఇంట్లో వినడం వేరు, యంత్రంలో వినడం వేరు అన్నారు.

ఆ ఏటి గురించి చెప్పాలి. మాది భీమవరం. మా ఆయనది టెక్కలి పక్క. వాళ్లు ఏమిటి అనరు, ఏటి అంటారు. పెళ్లయిన కొత్తలో దాన్ని మార్చాలని చూసి వదిలేశాను. షాలేమూ అంతే, సంఘంలో సగంమందీ అంతే. పలకరించినా ఏటి, కోపమొచ్చినా ఏటి, ఊసుపోకపోయినా ఏటి. అందుకని మా ఆయన ప్రతి మాటకూ ఏటి అంటుంటే అది వాళ్ల ఊరి అలవాటనే అనుకున్నాం, నేనూ, అందరూ.

ఆ ఆదివారం తుది విచారణ. మెర్లిన్ కూడా వచ్చి వంటింటి గడప దగ్గర కుర్చీలో కూర్చుంది. కాలేజీలో చేరిన పిల్ల, ఒడిలో చేతులు ముడుచుకుని బడిపిల్లలా ఉంది. ఆమె ఎదుటే వాళ్లు ఆమె గొంతును ముక్కలు చేశారు. మా ఆయన నల్లడబ్బాలో విని తల అడ్డంగా ఊపారు. వెండిదానిలో విని మళ్లీ ఊపారు. రాజగోపాల్ గారు కళ్లు మూసుకుని విని, నల్లదానిలో స కొంచెం వెనక్కి పోయిందని, వెండిదానిలో అసలు లోపమే బయటపడిందని అన్నారు. తను తెచ్చిన డబ్బా లోపం బయటపెట్టగలిగినందుకు ఆయన ముఖంలో తృప్తి. తరవాత హెడ్‌ఫోన్ షాలేమ్‌కు ఇచ్చారు.

షాలేమ్ మా ఆయన షిఫ్టులోనే, ఆయన చేతికింద పనిచేస్తాడు. కూతురి గొంతు చెవుల్లో మోగుతుంటే వాడు కూతురి వైపు చూడలేదు, మా ఆయన ముఖం చూశాడు.

"అవునన్నయ్యా," అన్నాడు. "మింగేసింది."

మెర్లిన్ తల వంచుకుంది. జిడ్డు మెత్తలకంటే ఆ మాట అసహ్యంగా ఉంది.

సరిగ్గా అప్పుడు బల్ల కింద యూపీఎస్ అరవడం మొదలుపెట్టింది. దాని బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. చెవులు తూట్లు పడేలా సన్నగా కీ మంటుంది, ఆగుతుంది, మళ్లీ అంటుంది. బాగుచేయించమని ఎన్నిసార్లు చెప్పినా మా ఆయన పట్టించుకోలేదు. సుపేలా బజారు దాకా వెళ్లే బద్ధకమనుకున్నాను. రాజగోపాల్ గారి కనుబొమ్మలు ముడిపడ్డాయి. షాలేమ్ భుజం చెవి దాకా లేచింది. ఇద్దరూ మా ఆయన వైపు చూశారు. ఆయన చెవుల మీద ఏమీ లేదు. పాదం యూపీఎస్‌ను ఆనుకునే ఉంది. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఏ డబ్బా మంచిదా అని ప్రశాంతంగా ఆలోచిస్తున్నారు. ఆయన ఏమీ అనకపోయేసరికి వీళ్లిద్దరూ ముఖాలు సర్దుకున్నారు.

"వెండిదే ఉంచుకోండి ఎబెన్ గారూ," అన్నారు రాజగోపాల్ గారు. "వెనకాల ఎంత నిశ్శబ్దమో చూశారుగా."

కింద కీ మంది.

అప్పుడు నాకు డబ్బా మీట చివరికంటా ఎందుకు తిరుగుతుందో, యూపీఎస్ ఎందుకు బాగుపడలేదో, ఏటి అన్న మాట మా ఇంట్లో ఏం పని చేస్తోందో ఒక్కసారిగా తెలిసింది. మా ఆయన మీద జాలి తరవాత వచ్చింది. ముందు వచ్చింది ఎదురుగా ఉన్న ఇద్దరి మీద వెగటు. ఆయనకు సన్నటి శబ్దం వినబడదు. వీళ్లకు వినబడుతుంది.

చేతిలో టీ కప్పుల పళ్లెం ఉంది. దాన్ని వాళ్లకు అందనంత దూరంలో అలమర మీద పెట్టాను.

"షాలేమూ, ఈ గదిలో ఇప్పుడు ఏదో అరుస్తోంది. నీకు వినబడుతోందా లేదా?"

షాలేమ్ నన్ను చూశాడు, మా ఆయన్ను చూశాడు. నుదుటి మీద చెమట. కీ మంటూనే ఉంది.

"ఏటి వదినా?" అన్నాడు.

చెవులు బాగున్నవాడి నోట ఆ మాట. దాని వెనకాల దాక్కున్నాడు, కూతురు చూస్తుండగా.

గడప దగ్గర కుర్చీ కదిలింది. మెర్లిన్ లేచి వచ్చింది.

"యూపీఎస్ ఆంటీ. కబ్ సే చిల్లా రహా హై, ఎప్పటినుంచో అరుస్తోంది," అంది. "నాన్నకి వినబడుతోంది. అందరికీ వినబడుతోంది."

వంగి, మా ఆయన పాదం పక్కన ఉన్న మీట నొక్కింది. కంప్యూటరు నల్లబడింది. అరుపు ఆగింది.

మా ఆయనకు అరుపూ తెలియలేదు, ఆగడమూ తెలియలేదు. ఆయన చూసింది ముఖాలను. రాజగోపాల్ గారి కనుబొమ్మలు విడివడ్డాయి, షాలేమ్ భుజం దిగింది, నేను ఊపిరి వదిలాను. ముగ్గురం ఒకేసారి తేలికపడటం ఆయన చూశారు. ఒక్కొక్కరినీ తీరిగ్గా చూసుకుంటూ వచ్చి మెర్లిన్ దగ్గర ఆగారు.

"ఏటి ఆపినావమ్మా?"

ఆ పిల్ల యూపీఎస్ వైపు చూపించింది. ఆయన దాన్ని చూశారు. తరవాత షాలేమ్ వైపు తిరిగారు.

"స ఉన్నాదా?"

షాలేమ్ నేల చూశాడు. "ఉన్నాదన్నయ్యా."

"ముందునుంచీ?"

"ముందునుంచీ ఉన్నాది."

మా ఆయన రెండు డబ్బాలనూ తీగలు ఊడదీసి, రాజగోపాల్ గారి సంచిలో తనే పెట్టారు. రాజగోపాల్ గారు ఒక్కోసారి రికార్డింగులోనే పొరపాటు ఉంటుందని ఏదో మొదలుపెట్టారు. టీ చల్లారిపోయింది. మెర్లిన్‌కు మాత్రం వేరే పెట్టి ఇచ్చాను.

చెవి డాక్టరు దగ్గరికి వెళ్దామంటే ముందు పండగ కానీమన్నారు. చరణం మెర్లిన్‌దేనని పాస్టరుగారితో ఆయనే చెప్పారు, పిల్లలను దిద్దడానికి ఇంకొకరిని చూసుకోమని కూడా.

గుడ్ ఫ్రైడేనాడు ఆయన బృందం ముందు నిలబడలేదు. నా పక్కన బెంచీలో కూర్చున్నారు. మెర్లిన్ పాడుతున్నంతసేపూ ఆమె పెదవులు చూస్తూ, చరణం అయ్యాక నా చెవి దగ్గరికి వంగి, "వచ్చిందా?" అన్నారు. వచ్చిందన్నాను. చివరి బెంచీల దాకా వచ్చింది.

ఆరాధన అయ్యాక వరండాలో జనం మధ్యలోంచి షాలేమ్ చేతులు జోడించుకుంటూ వచ్చాడు. కొత్త చొక్కా, తడికళ్లు.

"మీరు దిద్దబట్టే అన్నయ్యా, పిల్లకి స వచ్చింది."

వాడి అబద్ధం ఎంత నున్నగా ఉందో చెప్పలేను. మా ఆయన చెవి వాడివైపు పెట్టారు. "ఏటి?"

షాలేమ్ గొంతు పెంచి మళ్లీ చెప్పాడు. నలుగురు ఇటు తిరిగారు. మెర్లిన్ కూడా తిరిగింది.

"ఏటి?" అన్నారు మా ఆయన మళ్లీ.

ఆ రెండో ఏటి నిజం కాదు. ఆయన కళ్లు చూస్తే నాకు తెలిసింది. నేను షాలేమ్‌కు సాయం వెళ్లలేదు. వాడు మూడోసారి, ఇంకా గట్టిగా, కూతురి ముందు అదే మాట చెప్పవలసి వచ్చింది.