హుసేనప్ప చింతమొద్దు

నేను ఒక మొద్దును. తిట్టనుకోకండి, అది నా ఉద్యోగం. ఆదోని దగ్గర ఓ చిన్న పట్నం కబేళాలో మాంసం కొట్టే చింతమొద్దును. చింతమానును కోయించి నన్ను తెచ్చినవాడు కాశింసాబు. ఆయన పోయాక కొడుకు హుసేనప్ప చేతికొచ్చాను. ముప్పై ఏళ్లుగా దెబ్బలు నావి, కూర రుచి ఊరివాళ్లది.

హుసేనప్పకు శుభ్రమంటే ప్రాణం. సాయంత్రం పని ముగిశాక ఉప్పూ పసుపూ వేసి నన్ను తోముతాడు. శుక్రవారం సాంబ్రాణి పొగ కూడా పెడతాడు. తోమే నీళ్లు మాత్రం అంతకుముందే గొర్రెపేగులు కడిగిన బకెట్లోవి. పసుపు పడ్డాక ఇంక దోషమేముందని ఆయన నమ్మకం. నేనూ నమ్మాను.

ఆయనకు ఇంకో అలవాటుంది. సంతలో కొన్న గొర్రెలకు, దగ్గినా దగ్గకపోయినా, క్రిములు చంపే మందుబిళ్లలు నూరి నీళ్లలో కలిపి తాపుతాడు. రోగం రాకముందే మందు పడితే మంచిదే కదా అంటాడు. ఆ మాటా నాకు సబబుగానే తోచింది.

ఒకరోజు కత్తి జారి ఆయన కుడిచేతి బొటనవేలు నా మీదే తెగింది. గుడ్డ చుట్టుకుని, ఆ గొర్రెల బిళ్లలే రోజుకు రెండు మింగాడు. నొప్పి తగ్గగానే మానేశాడు. వారం తిరక్కుండా చెయ్యి మోచేతిదాకా ఎర్రబడింది. ఆసుపత్రిలో మందులు మార్చి మార్చి ఇచ్చినా ఏదీ పట్టలేదు. ఇట్లాగే ఉంటే వేలు తీసెయ్యాలన్నారట. బొటనవేలు లేకపోతే కత్తి పట్టేదెట్లా? వచ్చి నా మీదే కూలబడ్డాడు.

"మందేస్తే పురుగు సావల్ల కదబ్బా! ఇదేం పురుగు?" అన్నాడు.

నాకూ అంతు పట్టలేదు.

ఆసుపత్రివాళ్లు చెప్పగా కబేళాకు వచ్చే పశువుల డాక్టరమ్మ హిమవతి వచ్చింది. దూదిపుల్లతో నా గాట్లన్నీ తుడిచి పట్టుకెళ్లింది. ఇన్నేళ్లకు నన్నూ పట్టించుకున్నారని పొంగిపోయాను. నాలుగు రోజులకు కాగితంతో తిరిగి వచ్చింది.

"హుసేనప్పా, ఆసుపత్రివాళ్లు నీ వేల్లో చూసిన క్రిమీ, ఈ మొద్దులో ఉన్న క్రిమీ ఒకటే."

"రోజూ పసుపుతో తోముతాండానే మేడమ్!"

"పేగులు కడిగిన నీళ్లతో కదా! గొర్రెలకు ఊరికే మందు తాపావు. ఆ మందుకు చావని క్రిములు పేగుల్లో మిగిలి, పెరిగాయి. అక్కణ్నుంచి మొద్దుకు, మొద్దు నుంచి నీ గాయానికి ఎక్కాయి. ఇప్పుడు వాటికి మన మందులంటే లెక్కలేదు."

"మరి ఈ మాంసం తిన్నోళ్లు?" అన్నాడు హుసేనప్ప.

"బాగా ఉడికిస్తే క్రిములు చస్తాయి. పచ్చిమాంసం తరిగిన పీట మీదే ఉల్లిగడ్డలు తరిగి పచ్చివే తింటే మాత్రం చెప్పలేం."

ఒకే ఒక్క సూదిమందు పనిచేసే ఆశ ఉందట. గాయాన్ని కాచి చల్లార్చిన నీళ్లతో కడగాలట. నన్ను తీసెయ్యాలట. నాకు సిగ్గేసింది. నాలో ఎవరు కాపురముంటున్నారో నాకే తెలియకపోతే ఎట్లా? పోనీ, వాటిని నేను పిలిచానా, హుసేనప్ప పిలిచాడా?

ఆయన నన్ను పారెయ్యలేక ఇంటి పెరట్లో గోనెసంచి కప్పి దాచాడు. రెండో రోజే ఆయన భార్య మాబున్ని పసిగట్టింది. గొడ్డలి తెచ్చింది.

"మే, మా నాయన పెట్టిన మొద్దు అది!" అంటూ హుసేనప్ప అడ్డం వచ్చాడు.

"నాయన మొద్దు కావల్నా, నీ చెయ్యి కావల్నా?"

ఆయన పక్కకు తప్పుకున్నాడు.

ఈ మాటలు పొయ్యిలోంచే చెబుతున్నాను. సగం కాలాను. నా మీద కాగిన నీళ్లను చల్లార్చి రోజూ ఆ వేలు కడుగుతున్నారు. చెడగొట్టిందీ నేనే, కడిగేందుకు కాలుతున్నదీ నేనే. నేను మంచిదాన్నో చెడ్డదాన్నో ఇప్పటికీ తేలలేదు. హుసేనప్ప మాత్రం పొయ్యి వైపు చూడడు. పొగ అంటాడు, కళ్లు తుడుచుకుంటాడు.

ఈ రోజు ఐదో సూది పడింది. మాబున్ని కట్టు విప్పి, చల్లారిన నీళ్లు పోసి, "వేలు వంచు చూద్దాం" అంది. ఆయన కళ్లు మూసుకున్నాడు. వేలు కొద్దిగా, చాలా కొద్దిగా వంగింది.

మాబున్ని నాలో మిగిలిన ముక్కను పొయ్యిలోకి ఇంకాస్త తోసి, రేపటికి నీళ్లు పెట్టింది.