ఎత్తేస్తాం

ఊరి నడిబొడ్డున ఉన్న కూడలిని నడిచేవాళ్లకూ సైకిళ్లకూ వదిలి, సాయంత్రాలు పాటకచేరీలు పెడతారని తెలిసినప్పటి నుంచి మా ఆయనకు కంటి మీద కునుకు లేదు. ఆ కూడలి మూల మీదే ఆయన సైకిల్ రిపేరు షాపు. సుద్దతో గీతలు గీస్తున్న ఇంజినీరును అడిగాడు:

"మా ముందు ఏం చేస్తారు సార్?"

"ఈ గుమ్మాల దాకా ఎత్తేస్తామండీ," అని ఇంజినీరు నవ్వాడు.

"విన్నావా? షాపులు ఎత్తేస్తాడట! ఆ నవ్వు చూడు, తేనె పూసిన కత్తి!" అన్నాడు మా ఆయన.

"ఏం ఎత్తేస్తారో సరిగ్గా అడగొచ్చుగా?"

"అడిగితే నిజం చెప్తాడా? నీకేం తెలీదు, ఊరుకో."

చెప్పి చెప్పి నా నోరు నొప్పెట్టింది. వాళ్లు వెళ్లగొట్టకముందే పోదామని, పంపులూ ట్యూబులూ మూటగట్టి ఊరి చివర సందులోకి మారాం.

నిన్న కూడలి చూసొచ్చాను. జనం మెట్టెక్కే పని లేకుండా రోడ్డును గుమ్మాల దాకా ఎత్తు చేశారు. ఎటు చూసినా సైకిళ్లే. మా పాత షాపులో ఎవరో కొత్తవాడు, పంక్చర్లు వేస్తూ తలెత్తడానికి కూడా వాడికి తీరిక లేదు.

ఇంటికొచ్చి చెప్పాను.

"వాడు ఆ ఇంజినీరు చుట్టమై ఉంటాడు," అన్నాడు మా ఆయన.

"ఇంజినీరు ఎత్తింది రోడ్డుని. షాపు ఎత్తేసింది మాత్రం మీరే!" అన్నాను.