ఒడీల్‌తో నాట్యం చేసిన మనిషి

"వెర్నా లేకపోతే గిన్నెలు కడగడానికి ఈ ఇంట్లో ఇంకెవరికీ చేతులు లేవా?"

అత్తగారు హార్టెన్స్ మేడ మీద మంచంలో పడుకునే కేక వేసింది. తుంటి విరిగినప్పటి నుంచీ ఆవిడ కాళ్లు చేసే పని కూడా గొంతే చేస్తోంది. ఆ కేక కిందికి వినబడేసరికే ఒడీల్ చేతులు మోచేతుల దాకా సబ్బునీళ్లలో ఉన్నాయి. మంగళవారం కార్నివాల్ విందుకని బల్ల మీద పరిచిన వెండి పళ్లేలు, ఎవరూ ముట్టని ఆల్చిప్పలు, గట్టిపడిపోయిన మాంసం పులుసు, అన్నీ రెండు రోజులుగా అలాగే ఉండిపోయాయి. పోలీసులు నిన్న సాయంత్రం దాకా దేన్నీ కదపనివ్వలేదు. ఈ గురువారం పొద్దున వంటిల్లంతా చచ్చిన సముద్రం వాసన. ఒడీల్ కిటికీలు తెరిచింది. బయట సెయింట్ చార్లెస్ వీధిలో చెట్ల కొమ్మలకి మంగళవారం ఊరేగింపులో విసిరిన గాజుపూసల దండలు ఇంకా వేలాడుతున్నాయి. వాటికేసి ఆమె చూడలేకపోయింది.

ఈ పళ్లేలు ఏటా తనూ అడేలూ కలిసి తోమేవారు. అడేల్ అంటే ఒడీల్ భర్త ఎమరీకి అక్క. పెళ్లి కాలేదు, కాదు, కానివ్వలేదు. తండ్రికి పక్షవాతం వచ్చినప్పుడు ఆమెకి ఇరవై ఆరేళ్లు. ఆయన పోయేలోగా తల్లికి గుండెజబ్బు, ఆ తర్వాత తుంటి. "అడేల్ ఉంది కదా" అనేది ఆ ఇంట్లో రోజూ వినబడే మాట. మందులకి అడేల్ ఉంది, పక్కబట్టలకి అడేల్ ఉంది, రాత్రి మూడుసార్లు లేవడానికి అడేల్ ఉంది. ఒడీల్ కోడలిగా వచ్చిన మొదటి నెలలోనే ఆ మాటకి కొత్తగా ఒక తోక చేరింది: "అడేల్ ఉంది కదా, ఇప్పుడు ఒడీల్ కూడా ఉంది." ఇద్దరికీ కలిపి ఒక వంటమనిషి, వెర్నా. ముగ్గురు ఆడవాళ్లు ఒక ఇంటిని భుజాన మోస్తుంటే, ఆ ఇంటి మెట్ల మీద నిలబడి ఎమరీ బర్తెల్ ఊరి పెద్దమనుషులకి చెయ్యి ఊపేవాడు. లాయరు, అందగాడు, ఊళ్లోకెల్లా పాత కార్నివాల్ క్లబ్బులో ముఖ్యుడు. ఏటా కార్నివాల్ మంగళవారం నాడు క్లబ్బువాళ్ల నాట్యం అయ్యాక విందు మాత్రం ఈ ఇంట్లోనే జరగాలి. అది బర్తెల్ వంశం పరువు. వంట, వడ్డన, బల్ల అలంకరణ అడేల్ పని. అందుకే ఆమె ఎన్నడూ నాట్యానికి వెళ్లలేదు. ఒకసారి ఒడీల్ అడిగింది, ఈ ఒక్క ఏడాదికి వదినని తీసుకెళ్దామా అని. ఎమరీ అద్దంలో టై సర్దుకుంటూ, "అక్క అక్కడికొచ్చి ఏం చేస్తుంది? అక్కడ ట్రేలు పట్టుకునే వాళ్లున్నారులే" అన్నాడు. అది హాస్యమనుకున్నాడు. పక్కగదిలో అడేల్ వింటోందని అతనికి తెలుసు.

ఎవరూ ఊహించనిదేమిటంటే, తండ్రి పోతూ పోతూ ఇల్లు అడేల్ పేరున రాశాడు. అడేల్ పదేళ్లు ఆ సంగతి ఎత్తలేదు. మొన్న సోమవారం మధ్యాహ్నం అందరూ భోజనాల దగ్గరుండగా ఎత్తింది.

"ఈ ఇల్లు అమ్మేస్తున్నా. నర్సుల హాస్టలుకి కావాలంట. గురువారం వస్తారు చూడ్డానికి. అమ్మని మంచి వృద్ధాశ్రమంలో చేర్పిద్దాం, నా వంతు నేనూ పెట్టుకుంటా. నేను సముద్రం పక్కన రెండు గదుల ఇల్లు చూసుకున్నా."

ఎమరీ పకపకా నవ్వాడు. "ఎండదెబ్బ తగిలినట్టుంది అక్కకి. ఫిబ్రవరిలో!"

"నవ్వుకోరా," అంది అడేల్, పులుసు వడ్డిస్తూనే. "నీ నవ్వు వినీ వినీ నా చెవులు కాయలు కాచాయి. ఇంకో రెండ్రోజులు కాయనీ."

ఆ మాట అన్నప్పుడు ఆమె ముఖం ఎంత కుర్రగా ఉందో ఒడీల్‌కి ఇప్పుడు సబ్బునీళ్లలో కనబడుతోంది. ఆ సాయంత్రం వెండి తోముతూ అడేల్ మెల్లగా అంది, "రెండు గదులన్నానా, రెండోది ఖాళీయే ఒడీల్. ఊరికే చెప్తున్నా. ఏమీ అనకు." ఒడీల్ తోమిన చెంచానే మళ్లీ తోమింది. ఏమంటుంది? కూతురు సెలెస్ట్ ఈ ఏడాది క్లబ్బు నాట్యానికి రాణి. పంతొమ్మిదేళ్ల పిల్ల. ముత్యాల గౌను, వెనక నేల మీద ఈడ్చుకుంటూ వచ్చే ఆరు గజాల జాలరు, కిరీటం. ఆ గౌనుకి ముత్యాలు కుట్టడానికి ఒడీల్‌కి తొమ్మిది నెలలు పట్టింది. "నీకేం పని, కూర్చుని నవ్వడమేగా" అన్నాడు ఎమరీ, నాట్యానికి బయలుదేరుతూ.

ఆ మంగళవారం రాత్రి అందరూ నాట్యశాల నుంచి ఇంటికి తిరిగొచ్చేసరికి వాకిట్లో పోలీసు కార్లున్నాయి. వెనక వసారా మెట్ల కింద, ఇటుకల మీద, అడేల్ పడి ఉంది. మెడ విరిగింది. వంటింట్లో ఉన్న వెర్నా మాటామాటా పెరగడం విందట, తర్వాత పడ్డ చప్పుడు విని పరుగెత్తిందట. ఆకుపచ్చా బంగారు రంగుల అంగీ, మొహానికి ముసుగు వేసుకున్న మగమనిషి పెరటి గేటు దాటి పోతుండగా చూసిందట. పోలీసులు నవ్వారు. కార్నివాల్ రోజున ఊళ్లో ముసుగు లేని మగాడెవడు? అప్పుడు ఎమరీ ముందుకొచ్చి, "ఈవిణ్ణి పనిలోంచి తీసేస్తానని అక్క అంటూ ఉండేది" అన్నాడు. ఆ ఒక్క ముక్క చాలింది. నల్లమనిషి, అందులో వంటమనిషి, మేడ కింద ఒంటరిగా ఉన్నది. వెర్నాని తీసుకుపోయారు. వెళ్తూ వెళ్తూ వెర్నా ఎవరి వంకా చూడలేదు, ఒక్క ఒడీల్ వంక తప్ప.

అడేల్ ఆ మాట ఎన్నడూ అనలేదు. ఒడీల్‌కి తెలుసు. తెలిసీ రాణి గౌను జాలరు బురదలో పడకుండా రెండు చేతులా ఎత్తి పట్టుకుని నిలబడింది.

ఆకుపచ్చా బంగారు రంగులు ఆ ఏడాది క్లబ్బు అధికారులవి. పన్నెండుమంది, ఒకే అంగీ, ఒకే ముసుగు. నాట్యం ముగిసేదాకా ముసుగు తియ్యకూడదు, పేరు చెప్పకూడదు. అది నూరేళ్ల నియమం. ఆడవాళ్లు ముందు వరసల్లో ముసుగు లేకుండా, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోవాలి. ఒకాయన పేరు పెట్టి పిలుస్తాడు. పిలిస్తే లేచి వెళ్లాలి. ముసుగు మనిషి వంగి నమస్కరించి, నాట్యం చేసి, ఒక చిన్న బహుమతి చేతిలో పెట్టి మాయమౌతాడు. మొదటి మూడు నాట్యాలూ భార్యలవి. ఆ మూడు నాట్యాలూ ఒడీల్ బర్తెల్ భర్తతో చెయ్యడం హాల్లో ప్రతి ఒక్కరూ చూశారు. పోలీసులకి ఎమరీ చెప్పింది కూడా అదే.

పళ్లెం తుడుస్తున్న ఒడీల్ చేతులు ఆగాయి.

పెళ్లయిన మొదటి కార్నివాల్‌కి ఆమెకి ఇరవై ఒకటి. ముసుగు మనిషి చెయ్యి నడుం మీద పడగానే తెలిసిపోయింది. ఎమరీ నాట్యం చేస్తే నడుం మీద చెయ్యి ఉండదు, తోపు ఉంటుంది. ఆ చెయ్యి ఎవరో భయస్తుడిది. ఆ రాత్రి ఎమరీ కారులో, "ఎలా చేశాను? అలిసిపోయావా?" అని అడిగాడు. ఆమె "బాగా చేశావు" అంది. ఎందుకలా అందో అప్పుడు తెలియలేదు. కనిపెట్టానని చెప్తే అతను ఎక్కడికి వెళ్లాడో కూడా అడగాలి కదా. అడిగితే జవాబు వినాలి కదా. ఆ తర్వాత ప్రతి ఏడూ ఒకణ్ణి పంపించేవాడు. ఒకడి దగ్గర గుర్రాల వాసన. ఒకడు నాట్యం చేస్తున్నంతసేపూ ఏడ్చాడు, అతని భార్య ఆ వేసవిలో పోయింది. ఆ ముసుగుల్లో ఎమరీ ఏనాడూ లేడు. భార్య కనిపెట్టలేదని అతని ధీమా. పేకాటలో కూచుని మిత్రులతో, "మా ఆవిడకి ముసుగేసిన దున్నపోతుని పంపినా నేనే అనుకుంటుంది" అన్నాడని ఆ మిత్రుల భార్యలే ఆమెకి మోసుకొచ్చారు. ఆమె నవ్వింది. నవ్వడమేగా పని.

మొన్నటి మనిషిని గుర్తుపట్టడం మరీ తేలిక. గిల్బర్ట్ రూసెల్. ముసలి నోటరీ, క్లబ్బులో ఎమరీ తర్వాత అంతటివాడు. అడుగులు మరిచిపోతానన్న భయంతో ముసుగులోపల "ఒకటీ రెండూ మూడూ" అని లెక్కపెట్టుకుంటాడు, నోట్లో ఎప్పుడూ దగ్గుబిళ్ల. మూడో నాట్యం అయ్యాక, నియమం తప్పి, ఆమె చెవి దగ్గర, "క్షమించమ్మా" అన్నాడు. దేనికో ఆమెకి అప్పుడు అర్థం కాలేదు.

ఇప్పుడయింది. ఎమరీ ఆ సమయంలో హాల్లో లేడు.

అప్పుడే ఎమరీ వంటింట్లోకొచ్చాడు. గడ్డం నున్నగా గీసుకున్నాడు. నల్ల కోటు.

"డిటెక్టివ్ మలోయ్ వస్తున్నాడు. కాగితం మీద నీ మాట కావాలంట, లాంఛనం. మూడు నాట్యాలూ నాతో చేశానని చెప్పు, అయిపోతుంది. చేతులు తుడుచుకుని కాస్త మంచి బట్టలు కట్టుకో."

"నువ్వు హాల్లో లేవు ఎమరీ."

"ఏమన్నావ్?"

"నాతో చేసింది గిల్బర్ట్."

అతని ముఖంలో ముందు కనబడింది భయం కాదు, ఆశ్చర్యం. కుర్చీ మాట్లాడితే ఎలా చూస్తాడో అలా చూశాడు. "నీకు... తెలిసిందా?"

"ఏటా తెలుసు."

"ఏటా?" కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "మరి ఎప్పుడూ అనలేదే?"

"నువ్వు అడిగింది అలిసిపోయావా అనేగా."

అతను బల్ల మీది గీతని గోటితో గీకాడు. ఆ తర్వాత చెప్పాడు, ఎవరో చేసిన పని చెప్పినట్టు. మాట్లాడదామనే వెళ్లాడట. గురువారం లోపు ఆపాలని. వెనక వసారాలో అక్క మెట్లకి వీపు పెట్టి నిలబడి ఉందట, ట్రే చేతిలో పెట్టుకుని. ముసుగు తియ్యకుండానే మాట్లాడాడట. ఆమె ముసుగు కేసి చూసి నవ్వి, "నాన్న చూడాల్సింది నిన్ను, ఎంత బాగున్నావో" అందట.

"ఆ నవ్వు... నువ్వు వినాల్సింది. ఊరికే తోశాను. పక్కకి జరుగు అన్నట్టు తోశాను. అంతే ఒడీల్, ఒట్టు."

"అయితే వెర్నా?"

"వెర్నాకి మంచి లాయర్ని నేనే పెడతాను. శిక్ష తగ్గేట్టు చూస్తా. ఆవిడకి వేరే ఎవరున్నారు చెప్పు? మనకి సెలెస్ట్ ఉంది. ఈస్టర్ తర్వాత పెళ్లి. రేపు ఆ పిల్ల మొహం ఎవరు చూస్తారు?"

మేడ మీద నుంచి, ఎవరూ పిలవకుండానే, ఎవరూ అడగకుండానే, అత్తగారి గొంతు వినిపించింది. "ఎమరీ! వాళ్లకి చెప్పు, నేనేమీ వినలేదని. ఆ మంగళవారం నాకు చెవులు సరిగ్గా వినబళ్లేదని చెప్పు!"

ఒడీల్ తలెత్తి పైకప్పు కేసి చూసింది. అత్తగారి పడక సరిగ్గా వెనక వసారాకి పైన ఉంది. కూతురు ఆఖరిమాట విని, ఆ చప్పుడు విని, రెండు రోజులుగా ఆవిడ చేస్తున్న పని ఇదన్నమాట. అంత ముసలి శరీరంతో అంత పెద్ద అబద్ధం మొయ్యడం. ఒక్క క్షణం ఆవిడ మీద జాలి కూడా వేసింది. ఆ జాలి వెనకాలే భయం వేసింది. ఇంకో పాతికేళ్లకి ఆ మంచంలో తను ఉంటుంది. తన గొంతూ అలాగే ఉంటుంది.

"భార్య సాక్ష్యం కోర్టులో నిలవదు," అన్నాడు ఎమరీ, అతని లోపలి లాయరు మెల్లగా లేచి నిలబడ్డట్టు. "నీకు తెలియదేమో. చెప్పి ఇంటిని బజార్న పడెయ్యడం తప్ప నీకు ఒరిగేదేమీ లేదు."

ఆమె చేతులు తుడుచుకుంది. బట్టలు మార్చుకోలేదు.

డిటెక్టివ్ మలోయ్ ముందుగదిలో టోపీ మోకాలి మీద పెట్టుకుని కూర్చున్నాడు. మర్యాదస్తుడు. చనిపోయినావిడ గురించి రెండు మంచి మాటలన్నాడు. సెలెస్ట్ తండ్రి పక్కన సోఫాలో కూర్చుని చేతిరుమాలు నలుపుతోంది. "మిసెస్ బర్తెల్, మిమ్మల్ని ఎక్కువసేపు కష్టపెట్టను. మంగళవారం నాట్యంలో మొదటి మూడు నాట్యాలూ మీ భర్తతో చేశారు కదా. అవునంటే చాలు."

"కాదు," అంది ఒడీల్.

"అమ్మా!" అంది సెలెస్ట్.

"ఆవిడకి వదిన పోయిన దుఃఖంలో మతి సరిగ్గా లేదు," అని ఎమరీ చప్పున లేచాడు. "పైగా ముసుగులు కదండీ. ముసుగు వెనక ఎవరున్నారో ఆడవాళ్లకి ఎలా తెలుస్తుంది?"

"ముసుగు వెనక ఎవరున్నారో తెలుసుకోవడానికి ఎక్కువ రోజులు పట్టదు ఎమరీ," అంది ఒడీల్. ఆమె గొంతు ఆమెకే కొత్తగా ఉంది. కేక లేదు, వణుకు లేదు. "డిటెక్టివ్ గారూ, నాతో నాట్యం చేసింది గిల్బర్ట్ రూసెల్. నా మాట కోర్టులో చెల్లకపోతే పోనీ, ఆయనది చెల్లుతుంది. ఆయన్ని అడగండి, ఎవరు పంపారో, ఎంతసేపు పంపారో. అడుగడుగుకీ లెక్కపెట్టుకునే మనిషి. అబద్ధం చెప్పడం ఆయనకి రాదు. వెర్నాని పనిలోంచి తీస్తానని మా వదిన ఎప్పుడూ అనలేదు. అది కూడా రాసుకోండి."

గిల్బర్ట్ రూసెల్ ఆ మధ్యాహ్నానికే అన్నీ చెప్పేశాడు. క్లబ్బు నియమం గురించి ఒక్క మాట ఎత్తాడట, అంతలోనే ఏడ్చాడట. ఎమరీ తన కాళ్ల మీద తనే నడుచుకుంటూ పోలీసు కారెక్కాడు. ఎక్కే ముందు భార్య కేసి చూశాడు. అప్పటికీ అతని ముఖంలో ఉన్నది కోపం కంటే ఎక్కువగా ఆ ఆశ్చర్యమే. సెలెస్ట్ గది తలుపు వేసుకుంది. వారం రోజులు తల్లితో మాట్లాడలేదు. ఎనిమిదో రోజున వంటింట్లోకొచ్చి, ఏమీ అనకుండా, కప్పులు తుడవడం మొదలుపెట్టింది.

వెర్నాని మర్నాడే, శుక్రవారం, వదిలిపెట్టారు. ఒడీల్ జైలు గేటు దగ్గరకి కారు తోలుకుని వెళ్లింది. వెర్నా తమ్ముడి ట్రక్కు అప్పటికే వచ్చి ఉంది. వెర్నా మంగళవారం కట్టుకున్న వంటబట్టలతోనే ఉంది. నడుంకున్న గుడ్డ మీద పులుసు మరక ఎండి ఉంది. ఒడీల్ దగ్గరకెళ్లింది. ఏమనాలో దారి పొడుగునా అనుకుంటూనే వచ్చింది.

వెర్నాయే ముందు అడిగింది.

"మీకా రాత్రే తెలుసు కదా, మిస్ ఒడీల్. నన్ను తీసేస్తానని మిస్ అడేల్ ఎన్నడూ అనలేదని."

"తెలుసు."

"మరి రెండ్రోజులెందుకు పట్టింది?"

ఒడీల్‌కి జవాబుంది. భర్త ఉన్నాడు, కూతురి పెళ్లి ఉంది, ఇరవై మూడేళ్లుగా అలవాటైన నవ్వు ఉంది. కానీ వాటిలో ఒక్కటి కూడా జైలు గోడ పక్కన ఆ మనిషి ముందు పెట్టగలిగేది కాదు.

"పట్టి ఉండకూడదు," అంది.

వెర్నా తల ఊపి, తమ్ముడి ట్రక్కెక్కి వెళ్లిపోయింది. ఒడీల్ కారు దగ్గరికి వచ్చి, ఇంటి వైపు కాకుండా, అడేల్ చూసిపెట్టుకున్న సముద్రం ఒడ్డు ఊరికి దారి ఎటో రోడ్డు పక్కన నిలబడ్డ ఒక మనిషిని అడిగింది.