వినాకా అన్న పాపానికి

నేను ఒక చాపను. చాపేగా అని పేజీ తిప్పేయకండి. మీ ఇళ్లలో చాపంటే చుట్టి తలుపు మూల నిలబెట్టే వస్తువేమో. మా దీవిలో చాప లేకుండా పుట్టుక లేదు, పెళ్లి లేదు, చావూ లేదు. కుర్చీలు వచ్చాయి, సోఫాలు వచ్చాయి, అయినా ఊరిపెద్ద ఈనాటికీ మా జాతి మీదే కూర్చుని తీర్పు చెబుతాడు. తొక్కించుకునేదానికి ఇంత గర్వమేమిటని అడుగుతారేమో. తొక్కేకొద్దీ నిగనిగలాడే వస్తువు ఇంకొకటి చూపించండి, అప్పుడు మాట్లాడుకుందాం. చాప కింద నీరు అని మీ వాళ్లేదో సామెత కూడా అంటారట. నా కిందకు నీరు చేరితే నాకు తెలియకుండా ఉంటుందా!

మాది పసిఫిక్ సముద్రంలో ఫిజీ దేశం. అందులోనూ విమానాలకొద్దీ జనం దిగే దీవి కాదు, దానికి ఉత్తరాన ఉన్న 'వనువా లేవు' అనే దీవి. మొగలికి చెల్లెలి వరసయ్యే మొక్క ఆకుల్లోంచి పుట్టాను. లితియా అనే ముసలమ్మ ఆ ఆకులు కోసి, ముళ్లు తీసి, ఉడకబెట్టి, ఎండబెట్టి, ఆల్చిప్పతో గీకి మెత్తబరిచి, సన్నగా చీల్చి నన్ను అల్లింది. మామూలుగా నెల రోజుల పని. నాకు మాత్రం నాలుగు నెలలు పట్టింది. అప్పటికే లితియా వేళ్లు కొంకర్లు పోతున్నాయి. ఒక వరస అల్లడం, చేతులు కొబ్బరినూనెతో మర్దనా చేసుకోవడం, మళ్లీ ఒక వరస. "ఇక ఈ వేళ్లు ఇంకో చాప అల్లవు" అని నాకు వినబడేలానే చెప్పుకుంది.

నన్ను అల్లింది మనవరాలు మెరే పెళ్లి కోసం. మా వైపు పెళ్లికూతురు చాపల దొంతర మీద నిలబడుతుంది. అన్నిటికంటే పైన ఉండేది అమ్మమ్మ చాప. నా ఒక అంచున ఎర్ర ఉన్నితో మెరే పేరు, పెళ్లికొడుకు జోనే పేరు కుట్టారు. పెళ్లి శనివారం. బుధవారం పొద్దున నన్ను గడ్డి మీద ఎండకు పరిచారు. సరిగ్గా ఆ పూటే మాణిక్యాంబ గారు దిగింది.

ఈవిడ భీమిలిలో ముప్పై ఏళ్లు జాగ్రఫీ చెప్పి రిటైరైన టీచరు. పటంలో పసిఫిక్ దీవులను బెత్తంతో చూపించీ చూపించీ, చివరకు వాటిని కళ్లారా చూడాలని ఒంటరిగా బయలుదేరింది. అందరూ వెళ్లే ఇసుక తీరాలు ఆవిడకు అక్కర్లేదు. "అందరూ చూసేది నేనూ చూసి ఏం చెయ్యను?" అనే రకం. ఆవిడకు దొరికిన వ్యాను డ్రైవరు సన్యాసి. ముత్తాత చెరకు తోటల్లో పనికని విశాఖ వైపు నుంచి ఓడెక్కి వచ్చాడట. నాలుగు తరాల తరవాత కూడా సన్యాసి నోట ఆ పాత తెలుగు పోలేదు. ఆవిణ్ణి చూడగానే "అప్పా" అన్నాడు. ఆ ప్రాంతంలో అక్కను అలాగే పిలుస్తారు. ఆవిడకు వాళ్ల మామ్మ మాటతీరు గుర్తొచ్చి కళ్లు తుడుచుకుంది. ఇక ఆ వ్యానులో ఎవరు ఎవరిని తిప్పుతున్నారో చెప్పడం కష్టం.

మా ఊరి వెనక, అడవిలో ఒక జలపాతం ఉంది. ఏ పుస్తకంలోనూ దాని పేరు కనబడదు. దాన్ని చూడాలంటే ముందు ఊరిపెద్దకు కావా అనే మొక్క వేర్ల కట్ట సమర్పించి అనుమతి అడగాలి. దారిలో మాణిక్యాంబ గారు శ్రద్ధగా పాఠం నేర్చుకుంది. ఊళ్లో టోపీ తీసెయ్యాలి. ఆ వేర్లు దంచి నీళ్లలో కలిపిన కావా చిప్ప అందుకునేముందు ఒకసారి, తాగాక మూడుసార్లు చప్పట్లు కొట్టాలి.

"మరి బాగుంది అనాలంటే ఏమనాలి సన్యాసీ?"

"వినాకా అనాల అప్పా."

"విన్నాకా? ఏం విన్నాక?" అని ఆవిడ నవ్వింది. సన్యాసీ నవ్వాడు. ఆ నవ్వులో పడి, ఆ మాటకు ఇంకో అర్థం కూడా ఉందని చెప్పడం మరిచిపోయాడు.

ఊళ్లో అంతా సవ్యంగానే జరిగింది. కావా బురదనీళ్లలా ఉన్నా మొహం చిట్లించకుండా తాగింది. జలపాతం చూసింది. దారిలో మొగలి పొద కనబడగానే పాముంటుందని పది అడుగులు దూరం జరిగింది, అది వేరే సంగతి. తిరిగొచ్చి లితియా ఇంట్లో ఉడికించిన కర్రపెండలం, చేప తింది. బయటికి రాగానే నేను కనబడ్డాను.

నిజం చెప్పాలి, నన్ను అంతగా చూసినవాళ్లు అంతవరకూ లేరు. పక్కన చతికిలబడింది. అల్లిక మీద అరచేత్తో రాసింది. కొస ఎత్తి చెంపకు ఆనించుకుంది. తరవాత గుండె మీద చెయ్యి వేసుకుని లితియా వైపు తిరిగి, "వినాకా, వినాకా!" అంది. బాగుంది, ఎంతో బాగుంది అని ఆవిడ ఉద్దేశం. మా భాషలో వినాకా అంటే బాగుంది అనీ అర్థమే, ఇచ్చినందుకు సంతోషం, పుచ్చుకున్నాను అనీ అర్థమే. చాపను చెంపకు ఆనించుకుని, గుండె మీద చెయ్యి వేసుకుని అంటే ఇక రెండో అర్థమే.

మెరే గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. లితియా ఒక్క క్షణం తన వేళ్ల వైపు చూసుకుంది. తరవాత వంగి నన్ను చుట్ట చుట్టి మాణిక్యాంబ గారి ఒళ్లో పెట్టింది. ఇంటికొచ్చిన మనిషి పుచ్చుకున్నాను అన్నాక కాదనడం మా ఊళ్లో లేదు.

మాణిక్యాంబ గారు కంగారుపడి, "అయ్యో వద్దండీ, వద్దు వద్దు" అంది. మూడుసార్లు వద్దని నాలుగోసారి తీసుకోవడం మీ మర్యాద. పుచ్చుకుని, ఆనక వద్దనడమేమిటని మా వాళ్లు తెల్లబోయారు. సన్యాసి చెమటలు కక్కుతూ, "తీసీసుకో అప్పా, వొద్దనకు" అని గొణిగాడు. నేను వ్యానెక్కాను. మెరే ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది, నాకు ఇంత బాధ ఉండేది కాదు.

హోటలు గదిలో నన్ను పరిచాక మడతలో ఉన్న అంచు బయటపడింది. ఎర్ర ఉన్ని పేర్లు చదివింది. "మెరే, జోనే" అని పైకే అనుకుంది. ఆవిడ ఒంటరిగా ఉన్నా మాట్లాడుతూనే ఉంటుంది. నాకు తెలుగు వచ్చిందీ, వ్యానులో జరిగిన కబుర్లు తెలిసిందీ ఆ గదిలోనే.

మర్నాడు సవుసవు ఊళ్లో వేడినీటి బుగ్గల దగ్గరకు వెళ్లారు. నేను వ్యాను వెనక సీటులో ఉన్నాను. అక్కడి ఆడవాళ్లు మరిగే బుగ్గలో గిన్నెలు దించి వంట చేస్తున్నారు. ఇంకో రోజైతే ఆవిడ పది ప్రశ్నలు వేసేది. ఆ రోజు ఒక్కటే అడిగింది.

"సన్యాసీ, మెరే ఎవరు?"

సన్యాసి తల దించుకుని అంతా చెప్పాడు. "నాను ముందే సెప్పాల్సింది అప్పా. ఆ ముసిలామె ముందర సెప్తే ఆమె పరువు పోతాది. అందుకే నోరు మూసుకున్నాను."

"పద, ఇప్పుడే తిరిగి ఇచ్చేద్దాం."

"ఇచ్చిన చాప ఎనక్కిస్తే మొగాన కొట్టినట్టే అప్పా!"

ఆవిడ బండ మీద కూర్చుండిపోయింది. ఆ ముసలమ్మ వేళ్లు తలుచుకుని కళ్లనీళ్లు పెట్టుకుంది. చాలాసేపటికి మొహం తుడుచుకుని, పిల్లవాడి చేత లెక్క చేయించే టీచరులా అడిగింది.

"ఈ ఊళ్ల పెళ్లిళ్లలో చదివింపులు ఉండవూ?"

"ఎందుకుండవు? చాపలే సదివిస్తారు."

"మరి నన్ను పిలవలేదు కదా?"

"పెల్లికి పిలుపేటప్పా! చాప పట్టుకొచ్చినోలంతా సుట్టాలే."

మాణిక్యాంబ గారు లేచి నిలబడింది. "అయితే బజారుకు పోనియ్యి. పసుపు కావాలి."

శనివారం నేను మా ఊళ్లో మళ్లీ అడుగుపెట్టాను, అదీ ఆవిడ భుజమ్మీద. పొందూరు చీర కట్టుకుంది, చెప్పులు విడిచింది. నా నాలుగు మూలలా పసుపు. ఇది తిరిగొచ్చిన చాప కాదని, మీ దేశపు ఆడపడుచు తెచ్చిన చాప అని అందరికీ తెలియాలిగా! లితియా ముందు నన్ను విప్పి పరిచి, "మా పిల్ల పెళ్లికి నా చదివింపు" అంది. సన్యాసి దాన్ని మా భాషలో చెప్పాడు.

లితియా వంగి ఒక మూల పసుపు తాకింది. వంకర వేలితో అల్లిక మీద మెల్లగా రాసింది. మాణిక్యాంబ గారి చెయ్యి తీసి తన చెంపకు ఆనించుకుని, "వినాకా" అంది.

సన్యాసి గబగబా నోరు తెరిచాడు. "అప్పా, అంటే..."

"విన్నాను సన్యాసీ" అంది మాణిక్యాంబ గారు. "విన్నాక ఇంకా చెప్పేదేముంది?"

మెరే అన్ని చాపల కంటే పైన, నా మీద నిలబడింది. ఆ పాదాల బరువు ఇప్పటికీ నాకు జ్ఞాపకమే.

ఇది జరిగి తొమ్మిదేళ్లు. లితియా వెళ్లిపోయింది. అన్నట్టే ఇంకో చాప అల్లలేదు. నా ఒక కొసను ఎలుక రుచి చూసింది, మధ్యలో చేపల పులుసు మరక ఉంది, మెరే మూడో పిల్ల నా మీదే బోర్లా పడటం నేర్చుకుంది. ఎన్ని ఎండలకు వెలిసినా పసుపు జాడ మాత్రం పోలేదు. జలపాతం చూడటానికి ఇప్పుడు అప్పుడప్పుడూ జనం వస్తున్నారు. వాళ్లలో ఎవరైనా వాకిట్లో ఆగి, నన్ను చూసి మెచ్చుకోలుగా "వినా..." అనబోతే చాలు. మెరే చేతిలో పని వదిలేసి, పరుగున వచ్చి నా మీద కూర్చుంటుంది.