ఒక్క రోజు ముందు

భార్య తుమినెమ్ పోయిన రోజునే ఒకటి అని లెక్క మొదలుపెట్టాడు వగిమన్. ఆ ఊళ్లో అందరిదీ అదే లెక్క. ఏడో రోజు, నలభయ్యో రోజు, నూరో రోజు, ఏడాది, రెండేళ్లు, ఆఖరికి వెయ్యో రోజు. ఆ రోజు ప్రార్థన చేయించి, సమాధి మీద పాతిన కొయ్య పీకేసి రాయి నిలబెడతారు. అంతటితో తంతు అయిపోయినట్టు. రాయి ఎప్పుడో చెక్కించి తెచ్చాడు. వంటింటి గోడకి ఆనించి ఉంది. పక్కనే బెల్లం కాచే మూకుడు, బోర్లించి.

అతను కొబ్బరిచెట్లెక్కి నీరా దించేవాడు, ఆవిడ కాచి బెల్లం చేసేది. ఇప్పుడు నీరా అంతా పక్కింటివాళ్లకి పోసేస్తున్నాడు.

పోయిన రోజు మధ్యాహ్నం ఆవిడ పొయ్యి దగ్గరే ఒరిగిపోయింది. రెండింటికి ఆరోగ్య కేంద్రానికి ఫోన్ చేశాడు. "ఇదిగో బయల్దేరుతోంది" అన్నారు. అంబులెన్స్ సాయంత్రం మగ్రిబ్ నమాజు పిలుపు వేళకి వచ్చింది. అప్పటికి ఆవిడ లేదు.

బండి ఇంకో రోగిని తీసుకెళ్లిందని కేంద్రంలో చెప్పారు. ఎవరో అధికారి ఇంటి పెళ్లికి కుర్చీలు మోసిందని సంతలో చెప్పారు. ఏది నిజమో తేల్చుకుందామంటే రెండేళ్లకు పైగా ఈ గుమ్మం నుంచి ఆ గుమ్మానికి తిప్పారు. చివరికి బెల్లం సంఘంలో ఒకతను చెప్పాడు, కాగితం మీద అడిగితే చట్టప్రకారం జవాబివ్వాలని. ఐదో తరగతి చదువు ఆ కాగితం రాయడానికి చాలింది. "ఆ రోజు రెండింటి నుంచి ఆరింటి దాకా బండి ఎక్కడుంది? డ్రైవరు రాసే పుస్తకంలో ఆ పేజీ నకలు ఇవ్వండి."

జిల్లా ఆరోగ్య కార్యాలయంలో సమాచారం బల్ల దగ్గర రత్రి అనే గుమాస్తా కూర్చుంటుంది. కాగితం తీసుకుని ముద్ర కొట్టింది.

"పది పనిదినాలు, బాబాయ్. శనాదివారాలు కలపకూడదు."

"పదిలో రాకపోతే?"

"పై అధికారికి అభ్యంతరం రాసివ్వచ్చు. అయినా ఎందుకు రాదులే."

అది సోమవారం. పై వారం శుక్రవారానికి పది నిండాయి. జవాబు రాలేదు. మళ్లీ సోమవారం పొద్దున్నే బస్సెక్కి అభ్యంతరం ఇచ్చి వచ్చాడు.

డెబ్బై రోజులకి ఉత్తరం వచ్చింది. వసారాలో నిలబడే చదివాడు. పదో పనిదినం ఆ సోమవారమేనట. అభ్యంతరం ఆ రోజే అందిందట. గడువు తీరకముందే వచ్చింది కాబట్టి పరిశీలించలేరట. సరైన అభ్యంతరం ఇచ్చే గడువు ఈలోపు దాటిపోయిందట. కావాలంటే మొదట్నుంచి మళ్లీ అడగవచ్చట.

మర్నాడు ఆ ఉత్తరం తీసుకెళ్లి రత్రి బల్ల మీద పెట్టాడు.

"కాగితం ఇచ్చిన రోజునే ఒకటి అనుకున్నావా, బాబాయ్? లెక్క మర్నాటి నుంచి."

"మా ఇంట్లో మనిషి పోయిన రోజే ఒకటి."

"మా ఊళ్లోనూ అంతేలే. కానీ ఇది ఆఫీసు."

"నేను ఒక్క రోజు ముందొచ్చాను. మీరెన్ని రోజులు వెనకున్నారు? అదీ చెప్పు. లెక్కలు బాగా వచ్చుగా నీకు."

రత్రి ఉత్తరం మడిచి వెనక్కిచ్చింది. వెనక వరసలో ఎవరో నవ్వాడు. "పెద్దాయనా, ఈ ఆఫీసుకి తొందరగా వచ్చి దెబ్బతిన్నవాణ్ణి నిన్నొక్కణ్ణే చూశాను!"

వగిమన్ నవ్వలేదు. అక్కడే కూర్చుని రెండో కాగితం రాశాడు. ఈసారి గోడ క్యాలెండరు దింపించి, పదో రోజు చుట్టూ రత్రి చేతే ఎర్ర సిరా గీత గీయించాడు. ఆ పదీ పోయాయి. పదకొండో రోజు అభ్యంతరం ఇచ్చాడు. దానికి జవాబివ్వడానికి పై అధికారికి ముప్పై పనిదినాలు. ఆ ముప్పై కూడా పోయాయి.

తొమ్మిది వందల తొంభై తొమ్మిదో రోజు, మంగళవారం, మళ్లీ వెళ్లాడు.

"రేపు వెయ్యి" అన్నాడు.

"సంతకం కాలేదు, బాబాయ్."

"సంతకం సంగతి అడగలేదు. పుస్తకం ఉందా?"

రత్రి వరండా వైపు ఒకసారి చూసింది. "ఉంది. బీరువాలో."

"ఆ పేజీ?"

"నేను తెరవలేదు. నాకు పిల్లలున్నారు, బాబాయ్."

"నాకు లేరు."

ఆమె ఒక చీటీ మీద రాష్ట్ర రాజధాని సెమరాంగ్‌లో ఉండే సమాచార కమిషన్ చిరునామా రాసి ముందుకు తోసింది. "అక్కడ ఫిర్యాదు చెయ్యి. శుక్రవారం దాకా టైముంది. నీ లెక్కలో కాదు, మా లెక్కలో."

చీటీ జేబులో పెట్టుకుని వచ్చేశాడు. ఉపకారం చేసిందని అతను అనుకోలేదు. బీరువా ఆమె కుర్చీకి పది అడుగుల దూరంలో ఉంది.

బుధవారం మధ్యాహ్నానికి ఇరుగుపొరుగు చేరారు. చాపలు పరిచారు. ఊళ్లో ప్రార్థనలు చేయించే రోహ్మత్ దువా ముగించి, మోకాళ్లు పట్టుకుని లేచాడు. "రండి కుర్రాళ్లూ, రాయి ఎత్తండి. సమాధి దగ్గరికి పోదాం."

"రాయి అక్కడే ఉండనీ" అన్నాడు వగిమన్.

"ఇవాళ వెయ్యో రోజు, అన్నా."

"తెలుసు. నాకంటే బాగా ఎవరు లెక్కపెట్టారు?"

"ఇంక వదిలెయ్. వాళ్ల పాపం దేవుడు చూసుకుంటాడు. నువ్వు పట్టుకు వేలాడితే వదిన ఆత్మకి విశ్రాంతేదీ? ఎన్నాళ్లని ఎదురుచూస్తుంది పాపం?"

"ఆ రోజు రెండింటి నుంచి మగ్రిబ్ దాకా చూసింది. దానికి అలవాటే."

రాయి మీద చెయ్యి వేసిన మనిషి చెయ్యి తీసేశాడు. వగిమన్ అన్నం డబ్బాలు పంచాడు. ఒక్కొక్కరూ చెప్పులు వెతుక్కుని వెళ్లిపోయారు.

గురువారం అతను చెట్టెక్కలేదు. కాగితాలన్నీ ప్లాస్టిక్ సంచిలో చుట్టి సెమరాంగ్ బస్సెక్కాడు. కమిషన్‌లో గుమాస్తా సంచి తీయించి, కాగితాలు ఒకటికి రెండుసార్లు చూసి, ఫిర్యాదు మీద ముద్ర కొట్టి, గడువులోగా తేలుస్తామన్నాడు.

"ఒక మాట" అన్నాడు వగిమన్. "లెక్క ఇవాళ్టి నుంచా, రేపటి నుంచా?"

"రేపటి నుంచండీ."

"గట్టిగా చెప్పు. రాసుకోవాలి."

"రేపటి నుంచి, పెద్దాయనా. శుక్రవారం ఒకటి."

వగిమన్ జేబులోంచి పెన్సిలు తీశాడు. శుక్రవారం, ఒకటి, అని రాసుకున్నాడు.